ఈ క్రిస్మస్‌కి హామ్ లేదు

కేనీ ఫోర్క్, కెంటకీ
అక్టోబరు మొదటివారం

డెల్ఫా అక్కకి,

ప్రభువు పేరట వందనాలు. ఫ్లోరిడా ఎండకి నీ తుంటి నొప్పి కాస్త కరిగిందా? అమ్మ సమాధి రాయి మీద ఏం చెక్కించాలో ఫోన్లో తేల్చుకోబోయి మనం అరుచుకున్న అరుపులు గుర్తున్నాయిగా. ఇక మనిద్దరి మధ్యా కాగితమే మేలని ఆ రోజు నువ్వే అన్నావు. కాగితం మీద అరిస్తే ఇరుగుపొరుగుకి వినపడదు. కాబట్టి అరుస్తున్నాను, విను.

నాన్న పెట్టిన చర్చి బెంచీల షాపు నువ్వు వెళ్లినా కూలిపోలేదు. నీ కుర్చీలో నీ కొడుకు క్లేటన్ కూచుని గరుకు కాగితం ముక్కలు లెక్కపెడుతున్నాడు. నేను వార్నిష్ వేస్తుంటే వెనకాలే నిలబడి, "మామయ్యా, ఒక్క బెంచీకి ఇన్ని ముక్కలా?" అన్నాడు. "దాని మీద కూచునే అమ్మగారి మేజోళ్లు చిరగకుండా నాయనా" అన్నాను. అదీ రాసుకున్నాడు.

అసలు సంగతి వెర్లీది. బెంచీలకి మెత్తలు కుట్టే వెర్లీ. దాని వేళ్లు వంకర్లు పోయాయి అక్కా. నవంబరు ఆఖర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి పని మానేస్తానంటోంది. మనిద్దరి జుట్టూ నల్లగా ఉన్న రోజుల నుంచీ మన షాపులో కుడుతోంది. రిటైర్మెంటు నిధిలో ఎంత ఉందే అంటే నవ్వింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పై పళ్లు పోయిన దగ్గర్నుంచీ చర్చిలో పాడేటప్పుడూ అదే తంతు. కెంటకీలో అంత మంచి గొంతు ఇంకోటి లేదు, అది అరచేతిలోకి పాడుకుంటోంది.

"మనవలు తినగా మిగిలితే కదా హోబర్ట్ అన్నా, నిధిలో వేసుకోవడానికి" అంది.

పొలం కోసేవాడు అంచులు వదిలిపెట్టాలని మోషే చెప్పాడు. విధవరాలు ఏరుకోవడానికి. నీ పొలానికి అంచులున్నాయా అక్కా, లేక కంచె దాకా కోసేశావా?

సెప్టెంబరులో మన నిధి లెక్కలు చూసే మిసెస్ ఓడమ్ షాపుకొచ్చి ప్రసంగం చేసింది గుర్తుందా? అందరూ నిద్రపోయారు. నువ్వయితే గుర్రు పెట్టావు. క్లేటన్ మధ్యలోనే ఫోను పట్టుకుని బయటికి పోయాడు. ఇంకొకళ్లు ప్రసంగిస్తుంటే నాకు మాత్రం నిద్ర రాదు, తప్పులు వెతుకుతాను. ఆమె ఓడ అంది, రేవు అంది, తలబరువు అంది. నేరుగా ఇంటికొచ్చి బైబిల్లో పౌలు ఓడప్రయాణం తీశాను. ఆదివారం మన చర్చి వేదిక మీద దాని గురించే ప్రసంగించాను. పౌలు వద్దన్నా, ఆయన్ని ఖైదీగా తీసుకెళ్తున్న శతాధిపతి ఓడ యజమాని మాటే విన్నాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి ఇంకేముంది, అనుకున్నది అయిపోయిందని మంచి రేవు వదిలి బయల్దేరారు. తరవాత పెనుగాలి. ఓడ యజమానులు వినరు అక్కా. ఆ రోజు నుంచీ ఇదే కథ.

వెర్లీకి ఏదో ఒకటి చెయ్యి.

నీ తమ్ముడు
హోబర్ట్

*

జెఫర్‌హిల్స్, ఫ్లోరిడా
అక్టోబరు ఆఖరు

ఒరేయ్ హోబర్ట్,

నీ ఉత్తరం చదివి ఇక్కడి పక్క ట్రెయిలరు ఇంటావిడకి వినిపించాను. "మీ తమ్ముడు బిషప్పా?" అంది. "కాదమ్మా, వార్నిష్ వేస్తాడు. ఆ వాసన తలకెక్కింది" అన్నాను.

నాకు పాఠం చెప్పకు. నిధిలో ఎవరు తమ జీతం లోంచి వేసుకుంటారో వాళ్లకి షాపు డబ్బు కూడా నేను జత వేస్తున్నాను. వేసుకోని వాళ్లకి ఏమని వెయ్యను? సున్నాకి జత సున్నాయే. అయినా వాళ్లు ఎందుకు వేసుకోవట్లేదో నీకు తెలీదా? మూడేళ్ల కిందట, మేం నిధి మొదలెట్టిన నెలలోనే, నువ్వు వేదికెక్కి, ధాన్యపు కొట్లు పడగొట్టి పెద్ద కొట్లు కట్టుకున్న ధనవంతుడి మీద గంటన్నర దంచావు. "ఈ రాత్రే నీ ప్రాణం అడిగితే ఆ ధాన్యం ఎవడిదిరా?" అని బల్ల గుద్దావు. మర్నాడు మన వార్నిష్ గదిలో ఒక్కడూ సంతకం పెట్టలేదు. నువ్వయితే సరేసరి.

నీ తలబరువు గొడవ నాకూ తెలుసు. నిధిలో సగం కంటే ఎక్కువ, నూటికి అరవై దాటి, నాదీ క్లేటన్‌దీ. సర్కారు వచ్చి మన ఓడని తూకం వేసిందంటే పైన బరువెక్కువైందంటుంది. అప్పుడు కింద ఉన్న ప్రతివాడికీ, పైసా వేసుకోని వాడిక్కూడా, జీతంలో నూటికి మూడు చొప్పున షాపు వెయ్యాలి. అది పడలేకే సురక్షిత రేవు పథకం తీసుకున్నాను. చట్టం అడిగినంత జత వేస్తున్నాను, రేవులో కట్టేసి కూచున్నాను. రేవులో ఉన్న ఓడని ఎవడూ తూచడు. ఇందులో పాపమేముంది? పౌలు కూడా రేవులోనే ఉండమన్నాడు కదా, నీ బైబిల్లో!

ఇంకో మాట. క్రిస్మస్‌కి నాన్న రోజుల నుంచీ పనివాళ్లందరికీ తలా ఒక హామ్ ఇస్తున్నాం. ఈ ఏడు పంది తొడ ధర చూశావా? క్లేటన్ హామ్ మానేద్దామంటున్నాడు. నాకూ నిజమే అనిపిస్తోంది. దాని బదులు చవగ్గా ఏం ఇస్తే బావుంటుంది? తిట్టకుండా చెప్పు.

డెల్ఫా

*

కేనీ ఫోర్క్
నవంబరు రెండోవారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివాక మోకాళ్లూని ఆలోచించాను. నువ్వన్నదే రైటు. హామ్ దండగ. కొవ్వు, ఉప్పు, వారానికల్లా ఎముక కుక్కకి. మనిషి రొట్టెతోనే బతకడన్నప్పుడు హామ్‌తో అసలే బతకడు.

నాకో ఆలోచన వచ్చింది. ఒక్కొక్కరి పేరున నిధిలో తలా యాభై డాలర్లు వెయ్యి. పై నుంచి కింది దాకా అందరికీ సమానంగా, నాన్న పేరు మీద కానుకగా. యాభై అంటే హామ్ ఖరీదు కంటే తక్కువ, పైగా షాపు పన్నులో తగ్గుతుంది. అలాంటి కానుక ఇవ్వొచ్చని నీ పథకం పుస్తకంలోనే ఉందట. క్లేటన్‌కి చెప్పాను. వాడి కళ్లు క్రిస్మస్ చెట్టులా వెలిగాయి.

"మామయ్యా! నీకు ఇంత వ్యాపారం బుర్ర ఉందని నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నాడు.

"నువ్వెప్పుడూ గరుకు కాగితం గురించే అడిగావు నాయనా" అన్నాను.

వెర్లీ థాంక్స్‌గివింగ్‌కి మానట్లేదు. హాజర్డ్ ఊరి దగ్గరి మెథడిస్టు చర్చి మెత్తలు ఏడాది ఆఖరికి పూర్తి కావాలి, అది దానివల్లే అవుతుందని బతిమాలాను. "ఆ మెత్తలకేం తొందర అన్నా? మెథడిస్టులు నిలబడి పాడతారుగా" అంది. "పాట అయ్యాక కూచుంటారే" అన్నాను. ఏడాది ఆఖరి రోజు దాకా ఉంటానని మాటిచ్చింది.

నీ మంచి కోరే
హోబర్ట్

తా.క. ఈ మధ్య నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను.

*

జెఫర్‌హిల్స్
డిసెంబరు మొదటివారం

హోబర్ట్,

నీకు ఒంట్లో బాలేదా?

నువ్వు నాతో "నువ్వన్నదే రైటు" అనడం నా జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి నీకు తొమ్మిదేళ్లు. చర్చి విందుకి చేసిన పీచ్ పళ్ల కేకు ఎవరు తిన్నారని అమ్మ అడిగితే, కుక్కే తిందేమో అన్నాను. "అక్క అన్నదే రైటు" అన్నావు, గడ్డం మీద పీచ్ రసంతో.

వెర్లీని ఏడాది ఆఖరి రోజు దాకా ఉంచడానికి అంత ఆరాటం ఎందుకురా? మెథడిస్టులు ఇన్నేళ్లూ గట్టి బల్లల మీదే కూచున్నారు.

సరే, నేను ఎక్కువ అడగను. నాన్న పేరు బావుంది. క్లేటన్ రోజూ ఫోన్ చేసి సంతకం పెట్టమని నస పెడుతున్నాడు. మిసెస్ ఓడమ్‌తోనూ మాట్లాడాను. ఆవిడ కాసేపు దగ్గింది. జలుబు చేసినట్టుంది పాపం. కాగితాలు సంతకం పెట్టి పంపించేశాను.

ఇక్కడ వాతావరణం హాయిగా ఉంది. దక్షిణపు గాలి మెల్లగా వీస్తోంది.

డెల్ఫా

*

కేనీ ఫోర్క్
జనవరి మొదటివారం

అక్కా,

కొత్త సంవత్సర శుభాకాంక్షలు. నీకున్నాయి. నాకు లేవు, నన్ను ఊరంతా తిట్టింది.

క్రిస్మస్ ముందు రోజు క్లేటన్ అందరినీ రంపాల గదిలో నిలబెట్టి, నాన్న ఫొటో వేసిన కాగితం తలా ఒకటి చేతికిచ్చాడు. "ఈ ఏడు హామ్ లేదు. దానికంటే గొప్పది, మీ భవిష్యత్తు!" అన్నాడు. పాలిష్ చేసే డోయల్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, నా వంక తిరిగి, "బోధకుడుగారూ, దీన్ని ఎంతసేపు ఉడకబెట్టాలి?" అన్నాడు. అందరూ నవ్వారు. క్లేటన్ కూడా నవ్వి, "ఈ ఆలోచన మా మామయ్యదే" అన్నాడు. నవ్వులాగిపోయాయి.

ఆ ఆదివారం చర్చిలో వెనక బల్లలు ఖాళీ. గుమ్మం దగ్గర డోయల్ పెళ్లాం నాకు చెయ్యి ఇవ్వలేదు. "మా ఆయనకి హామ్ ఎముకతో బీన్సు వండుతాను ఏటా. ఈ ఏడు మీ నాన్నగారి ఫొటో వేశాను కుండలో" అంది. నేను తలొంచుకున్నాను. యిర్మీయా ప్రవక్తని బురద గోతిలో దించినప్పుడు ఆయన మాత్రం ఏం మాట్లాడాడు?

వెర్లీ ఆఖరి రోజు సాయంత్రం దాకా కుట్టింది. ఆఖరి మెత్త మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. వీడ్కోలుకి క్లేటన్ ఇచ్చింది ఒక కప్పు కాఫీ, షాపు పేరున్న పెన్సిలు. అది నవ్వి తీసుకుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

నేను ఓర్చుకున్నాను. కొద్దిరోజులు ఓర్చుకుంటాను.

హోబర్ట్

*

కేనీ ఫోర్క్
ఫిబ్రవరి రెండోవారం

అక్కా, కూచుని చదువు. తుంటి జాగ్రత్త.

పెనుగాలి వచ్చింది!

మంగళవారం మిసెస్ ఓడమ్ దగ్గర్నుంచి క్లేటన్‌కి కబురొచ్చింది. నేను వార్నిష్ గదిలో ఉన్నాను. మొదట ఆఫీసులో కుర్చీ పడిన చప్పుడు. తరవాత వాడు. మొహం పచ్చి బల్ల రంగులో ఉంది.

"మామయ్యా! ఆ యాభై డాలర్లు!"

"నాన్న పేరు మీదవి. ఏం?"

"రేవులో ఉండాలంటే నిధిలోకి షాపు వేసేది ఆ జత ఒక్కటే అయి ఉండాలట! ఇంకేదైనా, ఒక్క డాలరైనా, కానుకగా వేస్తే ఆ ఏడాదికి రేవు దాటి బయటికొచ్చేసినట్టేనట! మనల్ని తూకం వేశారు మామయ్యా! తలబరువు! ఏడాది ఆఖరి రోజున పనిలో ఉన్న ప్రతివాడికీ నూటికి మూడు!"

"ప్రతివాడికీనా?"

"నిధిలో సరిపడా వేసుకున్నవాళ్లకి ఆ జతే చాలట. ఒక్క డాలరూ వేసుకోని వాళ్లకే మొత్తం వెయ్యాలి! డోయల్‌కి! ఆ ముసలి వెర్లీకి! వెర్లీ థాంక్స్‌గివింగ్‌కే మానేస్తానంది కదా, ఎవరు దాన్ని ఆపింది?"

నేను బ్రష్షు తుడుచుకున్నాను. "మెథడిస్టులు" అన్నాను.

నన్ను చూశాడు అక్కా. గరుకు కాగితం లెక్కపెట్టినంత శ్రద్ధగా చూశాడు. అప్పుడు అర్థమైంది వాడికి.

ఇక దాచను. నాకు తెలుసు. సెప్టెంబరులో మిసెస్ ఓడమ్ చెప్పింది, మీరందరూ నిద్రపోయిన చోట. రేవు తాడు దేంతో తెగుతుందో విని గుర్తు పెట్టుకున్నాను. చారల మేకలే నీ జీతమని చెప్పి, మామ లాబాను మందలో ఒక్క చారల మేక లేకుండా చేసినప్పుడు యాకోబు ఏం చేశాడు? కర్రలు చెక్కి నీళ్ల తొట్టి దగ్గర పెట్టాడు, అంతే. మేకలు వాటంతటవే చారలతో పుట్టాయి. నేనూ ఒక కర్ర చెక్కాను. తిట్టు. ఫోన్ చేసి అయినా తిట్టు, ఈసారికి ఎత్తుతాను. కానీ ఆ డబ్బు వెర్లీకి చేరాక తిట్టు.

ఒక్కటి మాత్రం అనకు. నా స్వార్థం కోసం చేశాననకు. నీకూ క్లేటన్‌కీ ఆ మూడు రాదు, మీరు పైబరువు. నేను నీ తోడబుట్టినవాణ్ని, అదే రక్తం, నేనూ మీ పక్కనే తక్కెడలో. నాకు పైసా రాదు. నా చేతులు శుభ్రం, వార్నిష్ తప్ప.

హోబర్ట్

*

జెఫర్‌హిల్స్
ఫిబ్రవరి ఆఖరు

ఒరేయ్ యాకోబూ,

యాకోబు అంత తెలివి ఒక్కడికే వచ్చిందనుకుంటున్నావా? వాళ్లమ్మ రిబ్కా ఎక్కడికి పోయింది? మేకపిల్ల తోలు వాడి చేతులకి చుట్టింది ఎవర్రా? వంట చేసింది ఎవరు? అన్న దీవెన కొట్టేసి రమ్మని, చూపు ఆనని ముసలి తండ్రి దగ్గరికి పళ్లెం ఇచ్చి తోసింది ఎవరు?

నేను గుర్రు పెట్టానన్నావు. ఒక కన్ను తెరిచే పెట్టాను.

డిసెంబరులో మిసెస్ ఓడమ్ దగ్గింది జలుబుతో కాదు. "అమ్మా, ఈ యాభై డాలర్ల మీద సంతకం పెడితే రేవు దాటుతారు, తెలుసా?" అంది. తెలుసన్నాను. "ఎంతవుతుందో తెలుసా?" అంది. తెలుసన్నాను. "మరెందుకమ్మా?" అంది. దగ్గడం అప్పుడు మొదలైంది, నేను కారణం చెప్పాక, నవ్వాపుకోలేక.

కారణం విను. వెర్లీ నా పెళ్లి గౌను కుట్టింది. నేను దానికి ఏదైనా ఇస్తానంటే క్లేటన్ ఏమంటాడో నీకు తెలుసు. "వెర్లీకి ఇస్తే డోయల్ అడుగుతాడు, డోయల్‌కి ఇస్తే..." అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా. కన్నకొడుకుతో వాదించి గెలిచే ఓపిక ఈ తుంటికి లేదు. కానీ చట్టంతో వాడు వాదించడు, చట్టమంటే వాడికి దేవుడి తరవాత దేవుడు. పైగా ఆ కానుక వాడే నా చేత సంతకం పెట్టించాడు, రోజూ ఫోన్ చేసి! ఇప్పుడు నోరెత్తగలడా?

నీకు చెప్పేదాన్నే. చెప్పాను కూడా. దక్షిణపు గాలి మెల్లగా వీస్తోందని రాశాను కదా! ఆ వచనం మీద గంటన్నర ప్రసంగించిన మనిషివి, నీకు తట్టలేదా? ఎంతసేపూ మాట్లాడటమే, చదవడం ఎప్పుడు?

డబ్బు కట్టేశాను. వెర్లీ తన వాటా తీసేసుకోవచ్చు, మిసెస్ ఓడమ్ కాగితాలు దానింటికే తీసుకెళ్తుంది. ఇక ఈ ఏడాది నుంచి మళ్లీ రేవులోనే కూచుంటాను, నీ చెక్కిన కర్రలు దూరంగా పెట్టుకో.

ఇప్పుడు అసలు ముచ్చట. నువ్వు నా రక్తం కాబట్టి తక్కెడలో పైనే ఉన్నానన్నావు. నేనూ అదే అనుకున్నాను, నీకు రాకూడదనే అనుకున్నాను, అదే నీకు సరైన శిక్ష. అడిగాను. మిసెస్ ఓడమ్ పుస్తకం తీసింది. యజమానికి మొగుడు లెక్కలోకి వస్తాడట, కొడుకు వస్తాడట, మనవడు వస్తాడట, కన్నతల్లిదండ్రులు వస్తారట. తోడబుట్టినవాడు రాడట! సర్కారు లెక్కలో నువ్వు నాకు ఏమీ కావురా. దారిన పోయే డోయల్ ఎంతో నువ్వూ అంతే.

కాబట్టి నీ పేరున కూడా నూటికి మూడు పడింది. వద్దంటాడేమో అని ముందే అడిగాను. వద్దనడానికి వీల్లేదట. పని మానేదాకా ముట్టుకోవడానికీ వీల్లేదట. అక్కడే ఉంటుంది, ఏటా కాస్త పెరుగుతూ.

నీకిప్పుడు ఒక కొట్టు ఉంది హోబర్ట్. ధాన్యం నిండిన కొట్టు. దాని మీద ప్రసంగించు, వింటాను.

నీకేమీ కాని
డెల్ఫా

*

కేనీ ఫోర్క్
ఈస్టర్ సోమవారం

నాకేమీ కాని అక్కకి,

ఓడిపోయాను. మొదట ఒక రోజంతా కోపం. రెండో రోజు నీ డిసెంబరు ఉత్తరం మళ్లీ తీసి, ఆ గాలి వాక్యం దగ్గర వేలు పెట్టి, వార్నిష్ గదిలో ఒక్కణ్నే పగలబడి నవ్వాను. డోయల్ తొంగి చూసి, "వాసన తలకెక్కిందా?" అన్నాడు. అందరూ ఒకే మాట అంటారేమిటి నన్ను?

శనివారం షాపు ముందు లారీ ఆగింది. తలా ఒక హామ్! ఈస్టర్‌కి! క్లేటన్ పరుగెత్తుకొచ్చి నీకు ఫోన్ చేశాడు. వాడి పక్కనే నిలబడి నీ గొంతు విన్నాను. "హామ్ నిధిలోకి పోదురా నాయనా, పొట్టలోకి పోతుంది. ఓడ ఒరగదు. మిసెస్ ఓడమ్‌ని అడిగాను" అన్నావు. వాడు ఇంకేం అంటాడు! డోయల్ పెళ్లాం నిన్న చర్చి గుమ్మంలో నాకు చెయ్యి ఇచ్చింది, దాంతోపాటు ఒక గిన్నెడు బీన్సు కూడా.

నిన్న ప్రసంగం కొట్ల మీదే. వేరే దారి లేదు, నీ మాట అప్పటికే ఊరంతా పాకింది. నా పేరున కూడా ఒక కొట్టు ఉందని వేదిక మీదే చెప్పాను. పగలబడి నవ్వారు. ఆ ధనవంతుడి తప్పు కొట్టు కట్టడం కాదు, అందులో వెర్లీకి చోటు లేకపోవడం అన్నాను. ఇవాళ పొద్దున డోయల్, ఇంకో ముగ్గురు క్లేటన్ దగ్గరికెళ్లి, నిధిలో వేసుకోవడానికి సంతకం పెట్టి వచ్చారట. వాళ్లకి నువ్వు జత వెయ్యాలి, చూసుకో.

ఇక వెర్లీ. డబ్బు తీసుకుంది, ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు. నిన్న ఆలస్యంగా వచ్చి మూడో వరస బెంచీలో, తను కుట్టిన మెత్త మీద కూచుంది. పాట ఎత్తుకున్నాం. అందరం నిలబడ్డాం. అలవాటు కొద్దీ దాని చెయ్యి నోటి దాకా లేచింది. అక్కడ ఆగింది. మెల్లగా కిందికి దిగి, ముందు బెంచీ వీపు మీద పడింది, నేను వార్నిష్ వేసిన చోటే. నిండు పళ్ల వరసతో, నోరారా పాడింది.

అక్కా, ముందు వరసలో క్లేటన్ ఉన్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ ముందుకి తిరగలేదు, పాట అయ్యేదాకా.

వచ్చే వారం నువ్వు ఇంటికొస్తున్నావట. నీ హామ్ ఎముక దాచిపెట్టాను. ఫోన్ చెయ్యి, ఏ బస్సో చెప్పు. ఎత్తుతాను. అరవను.

హోబర్ట్